చిన్న, మధ్య తరహా పరిశ్రమలు దేశానికి అంత ముఖ్యమైతే, ఆర్డర్లున్న యూనిట్లు కూడా ఎందుకు మూతపడుతున్నాయి?

అడిగినవారి సందేహం ఇదీ: ఎంఎస్‌ఎంఈలు (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమలు) దేశానికి వెన్నెముక అని ప్రతి బడ్జెట్ ప్రసంగంలో వింటాం, జీడీపీలో 30 శాతం వాటిదే అంటారు. మరి చేతినిండా పని ఉన్న షెడ్డుకి కూడా తాళం ఎందుకు పడుతోంది? అసలు ఈ యూనిట్లు దేశానికి చేస్తున్నదేమిటి?

ముందు అంకెలు. 2022-23లో దేశ స్థూల విలువ జోడింపులో ఎంఎస్‌ఎంఈల వాటా 30 శాతం పైచిలుకు. 2023-24 ఎగుమతుల్లో వాటి సరుకులది 45 శాతం పైన. 2015-16లో చేసిన జాతీయ నమూనా సర్వే 73వ విడత ప్రకారం యూనిట్లు 6.34 కోట్లు, వాటిలో పనిచేసేవాళ్లు 11.10 కోట్లు. వ్యవసాయం తర్వాత ఇంతమందికి పని ఇస్తున్నది ఇదే.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తరు. ఆ 6.34 కోట్లలో 6.30 కోట్లకు పైగా సూక్ష్మ యూనిట్లే. చిన్న తరహావి 3.31 లక్షలు. మధ్య తరహావి దేశం మొత్తం మీద సుమారు 5 వేలు. యూనిట్‌కి సగటున ఇద్దరు మనుషులు కూడా లేరు. అంటే 'చిన్న, మధ్య తరహా' అని మనం ఒకే గుక్కలో అంటున్నాం గానీ మధ్య అనేది దాదాపు ఖాళీ. సూక్ష్మం చిన్నది కావాలి, చిన్నది మధ్య తరహా కావాలి. అలా ఎదిగే నిచ్చెన ఎక్కడో విరిగింది.

ఎక్కడ విరిగిందంటే చాలామంది చెప్పే కారణాలు టెక్నాలజీ, నైపుణ్యం, లైసెన్సులు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ ఆర్డర్లున్న యూనిట్ ఆగిపోయిందంటే ముందు చూడాల్సింది లాభనష్టాల పట్టిక కాదు, రావాల్సిన బాకీల పట్టిక. నా మాట ఒక్కటే: మన చిన్న పరిశ్రమ దేశానికి ఉద్యోగాలే కాదు, పెద్ద కంపెనీలకు వడ్డీ లేని అప్పు కూడా ఇస్తోంది. బ్యాంకు దగ్గరా, చిట్టీల్లోనూ, నూటికి రెండు రూపాయల వడ్డీకీ తను తెచ్చిన డబ్బుని పెద్ద పార్టీ (సరుకు కొనే కంపెనీ) దగ్గర నాలుగు నెలలు ఉచితంగా పెడుతోంది. మిషన్ కొనాల్సిన డబ్బు అలా ఇరుక్కుపోతే యూనిట్ ఎప్పటికీ చిన్నదిగానే ఉంటుంది.

గాల్లో మాట కాకుండా లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ వైపు కనిపించే మామూలు మెషిన్ షాపు అనుకోండి: ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మిషన్), ఒక సీఎన్‌సీ లేత్, ఎనిమిది మంది మనుషులు. ఈఎన్8 అనే రకం ఉక్కుతో షాఫ్ట్ ఆర్డర్ వచ్చింది. స్టాకిస్టు దగ్గర ఉక్కు బార్ కొనాలి. అతను మహా అయితే 15 రోజులు ఆగుతాడు. కటింగ్, టర్నింగ్, కీవే మిల్లింగ్ ఇక్కడే. హీట్ ట్రీట్‌మెంట్ బయట, సిలిండ్రికల్ గ్రైండింగ్ ఇంకో షెడ్డులో, ప్లేటింగ్ మరో చోట. (పెద్ద కంపెనీ ఈ పనులన్నీ తన గోడల మధ్య పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఏడాదిలో సగం రోజులు ఆ మిషన్లు ఖాళీగా కూర్చుంటాయి. పది కంపెనీల పని ఒకే గ్రైండింగ్ షెడ్డుకి వస్తే ఆ మిషన్ రెండు షిఫ్టులూ తిరుగుతుంది. చిన్న యూనిట్ల వల్ల దేశానికి కలిగే అసలు లాభం ఇదే, జీడీపీ శాతంలో ఇది కనపడదు.) ముడిసరుకు కొన్న రోజు నుంచి డిస్పాచ్ దాకా 30 రోజులు.

నెలకు అమ్మకం 10 లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ. ఖర్చు: ముడిసరుకు 4 లక్షలు, జీతాలు 2.2 లక్షలు, బయటి ప్రాసెస్‌లు లక్ష, కరెంటు 50 వేలు, ఇన్సర్టులు, టూల్స్ 40 వేలు, షెడ్డు అద్దె 45 వేలు, రవాణా, చిల్లర 25 వేలు. మొత్తం 8.8 లక్షలు. వడ్డీ, కిస్తీ కట్టకముందు మిగిలేది 1.2 లక్షలు. వీఎంసీ మీద 30 లక్షల లోను, 10.5 శాతం, ఐదేళ్లు అనుకుంటే కిస్తీ నెలకు సుమారు 64,500.

ఇక వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ పని నడిపే డబ్బు. 5 కోట్ల లోపు లిమిట్లకు బ్యాంకులు ఎక్కువగా నాయక్ కమిటీ చెప్పిన టర్నోవర్ పద్ధతి వాడతాయి: అంచనా అమ్మకంలో 25 శాతం అవసరం, అందులో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం మీరు పెట్టాలి. 1.2 కోట్ల టర్నోవర్‌కి బ్యాంకు 24 లక్షలు, సొంతం 6 లక్షలు. ఈ సూత్రం వెనక ఒక ఊహ ఉంది: డబ్బు మూడు నెలల్లో ఒక చుట్టు తిరిగి వస్తుందని. కష్టమంతా ఆ ఊహ దగ్గరే.

పార్టీ 45 రోజుల్లో ఇస్తే, తయారీ 30 రోజులకి ఆ 45 కలిపి, స్టాకిస్టు అప్పు 15 తీసేస్తే చుట్టు 60 రోజులు. అవసరం, జీఎస్టీతో కలిపి, సుమారు 20 లక్షలు. సొంతం 6, బ్యాంకు 13 దాకా, చేబదులు ఓ లక్ష. వడ్డీలు, కిస్తీ పోను నెలకు 42 వేలు మిగులుతాయి. యజమాని జీతం అందులోంచే, అయినా బండి నడుస్తుంది.

అదే పార్టీ 120 రోజులు చేస్తే? చుట్టు 135 రోజులు. ఖర్చులో ఇరుక్కునేది 39.6 లక్షలు. జీఎస్టీ వేరే: డబ్బు రాకపోయినా బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకి పన్ను కట్టేయాలి, ముడిసరుకు మీద కట్టిన పన్ను అంతకు ముందే పోయి ఉంటుంది. అదో 6.8 లక్షలు. మొత్తం 46.4 లక్షలు. బ్యాంకు 24 లక్షలు శాంక్షన్ చేసినా అంతా వాడుకోనివ్వదు, డ్రాయింగ్ పవర్ (స్టాకు, రావాల్సిన బాకీలను బట్టి ఎంత తీసుకోవచ్చో) చూస్తుంది. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీని డ్రాయింగ్ పవర్ లెక్కలోంచి తీసేస్తారు. నాలుగు నెలల బాకీ 47.2 లక్షల్లో లెక్కకొచ్చేది 35.4 లక్షలే. 40 శాతం మార్జిన్ (యూనిట్ సొంతంగా భరించాల్సిన వాటా) తీస్తే 21 లక్షల పైచిలుకు, స్టాకు మీద ఇంకో 2.25 లక్షలు. చేతికి వచ్చేది 23.5 లక్షలు. సొంతం 6 పోను, తక్కువ పడింది సుమారు 17 లక్షలు. దాన్ని రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 34 వేలు. బ్యాంకు వడ్డీ 20 వేలు దాటుతుంది. కిస్తీ కూడా పోతే మిగిలేది వెయ్యి రూపాయల పైచిలుకు!

అవే మిషన్లు, అదే ధర, అదే నాణ్యత. మారిందల్లా పేమెంట్ తేదీ. 120 రోజులు 150 అయితే ఇంకో 10.6 లక్షలు కావాలి, అదంతా బయటి అప్పే, నెలకు 21 వేలు వడ్డీ. ఇక నష్టమే. ఆ తర్వాత కిస్తీ ఆగుతుంది. బ్యాంకు హెచ్చరిక ముద్రలు మొదలవుతాయి: 30 రోజుల లోపు ఎస్‌ఎంఏ-0, 60 దాకా ఎస్‌ఎంఏ-1, 90 దాకా ఎస్‌ఎంఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. పార్టీ ఆలస్యం చేస్తే ఎన్‌పీఏ ముద్ర పడేది యూనిట్ మీద, పార్టీ మీద కాదు. సిబిల్ పాడయ్యాక కొత్త లిమిట్ రాదు, ఆర్డర్ ఉన్నా బార్ కొనలేడు. మీరు అడిగిన 'పని ఉన్నా తాళం' అంటే ఇదే.

చట్టం లేదా అంటే ఉంది, గట్టిదే ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం సెక్షన్ 15 ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్‌కి కొనుగోలుదారు ఒప్పుకున్న తేదీకి చెల్లించాలి, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. పీవోలో (కొనుగోలు ఆర్డర్‌లో) '90 రోజుల క్రెడిట్' అని ఉన్నా చట్టం ముందు అది చెల్లదు. సెక్షన్ 16 ప్రకారం ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం ఉందనుకుంటే 18 శాతం: 11.8 లక్షల బిల్లు మూడు నెలలు ఆగితే సుమారు 53,900. ఈ వడ్డీని కొనుగోలుదారు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేడు కూడా.

దీనికి తోడు 2023 ఫైనాన్స్ యాక్ట్ ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 43బీ(హెచ్) తెచ్చింది, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలు. (కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, ఆడిటర్ని అడిగి ఇప్పటి నంబరు రాయండి.) గడువు దాటి మార్చి 31కి బాకీ ఉన్న మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపలేడు, చెల్లించిన ఏడాదే చూపాలి. 50 లక్షలు అలా ఉండిపోతే 25.17 శాతం పన్ను కట్టే కంపెనీకి ఆ ఏడాది 12.58 లక్షలు అదనంగా పోతాయి. అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌కి మన కష్టం అర్థం కాకపోయినా ఈ అంకె అర్థమవుతుంది.

మరి చట్టం ఎందుకు పనిచేయదు? కాగితాల దగ్గర. ఎక్కువ కేసులు వీగిపోయేది, నెలల తరబడి సాగేది చిన్న చిన్న కాగితాల లోపం వల్లే.

మొదటిది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ఎంఎస్‌ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్, పాన్, జీఎస్టీ నంబరు ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైట్లన్నీ ఏజెంట్లవి. సరుకు ఇచ్చాక రిజిస్టర్ చేసుకుని పాత బిల్లులకు రక్షణ అడిగితే చిక్కే. ఈ వివాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. పని మొదలెట్టకముందే చేసుకోండి. హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకు 2021 జులై నుంచి ఉద్యమ్ ఇస్తున్నారు గానీ అది ప్రాధాన్య రంగ రుణాల కోసమే, ఈ 45 రోజుల రక్షణకు పనికిరాదు. వర్క్స్ కాంట్రాక్టులకూ వర్తించదని కొన్ని హైకోర్టులు అన్నాయి. సప్లై, ఇన్‌స్టలేషన్ కలిపి చేసేవాళ్లు బిల్లులు విడివిడిగా వేసుకోవడం మేలు.

రెండోది, అందరూ వదిలేసేది, అంగీకార తేదీ. చట్టం ప్రకారం సరుకు చేరిన రోజే అంగీకరించిన రోజు. 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్తేనే, అది తీరిన రోజు అంగీకార తేదీ అవుతుంది. చాలా కంపెనీలు 'జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు వాళ్లు రాసుకునే రసీదు) అయిన రోజు నుంచి' లెక్క అంటాయి. జీఆర్‌ఎన్ 20 రోజులు టేబుల్ మీద పడుకుంటుంది. అందుకే డెలివరీ చలాన్ రెండో కాపీ మీద గేటు దగ్గరే ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఆటో డ్రైవర్ చేతికి చలాన్ ఇచ్చి పంపేస్తే ఇది జరగదు, అతనికి ముద్ర ఎందుకో చెప్పి పంపాలి. నాలుగు నెలల తర్వాత 'సైజు తేడా వచ్చింది' అని పార్టీ అన్నప్పుడు ఆ ముద్ర మీ సాక్షి. పార్టీ మీ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని (అందులోని జీఎస్టీని తన పన్నులో తగ్గించుకుని) ఉంటే అదీ చూపించొచ్చు: సరుకు అందలేదనో, ఒప్పుకోలేదనో అంటూనే పన్ను క్రెడిట్ ఎలా తీసుకున్నారు? (బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే ఆ క్రెడిట్ వాళ్లు వెనక్కి కట్టాలి. ఈ నియమం గుర్తుచేస్తే కొన్ని ఫైళ్లు కదులుతాయి.)

బిల్లు మీద, కొటేషన్ మీద, లెటర్‌హెడ్ మీద ఉద్యమ్ నంబరు, సూక్ష్మమా చిన్నదా అనేది ముద్రించండి. 'మీరు ఎంఎస్‌ఎంఈ అని మాకు తెలియదు' అనే సాకు అక్కడితో పోతుంది. మూడు నెలలకోసారి లెడ్జర్ పంపి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మెయిల్లో తెప్పించుకోండి. ఫోన్లో 'వచ్చే వారం' అన్న మాటకి విలువ లేదు.

వసూలు వరస కూడా చెప్తాను. 46వ రోజు మర్యాదగా మెయిల్, వడ్డీ ఊసెత్తకుండా. 60వ రోజు వడ్డీ లెక్కతో ఉత్తరం. 45 రోజులు దాటిన బాకీల వివరాలు కంపెనీలు ఆరునెలలకోసారి, అక్టోబర్ 31, ఏప్రిల్ 30 లోపు ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. 'మా బిల్లు అందులో చూపించారా?' అని ఫైనాన్స్ అధిపతికి ఒక్క వాక్యం రాస్తే చాలు. ఫిబ్రవరిలో రాసే ఉత్తరానికి బలం ఎక్కువ, ఎందుకంటే మార్చి 31 దగ్గరలో ఉంటుంది. అప్పటికీ రాకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్, అంటే ఇలాంటి బాకీల గొడవలు తేల్చడానికి ఎంఎస్‌ఎంఈడీ చట్టం కింద ఉన్న వేదిక. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. 90 రోజుల్లో తేల్చాలని చట్టం, వాస్తవంలో ఎక్కువే పడుతుంది. కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఈ చట్టానికి పళ్లున్నవి ఇక్కడే.

కేసు వేస్తే ఆర్డర్ పోతుందన్న భయం ఉంటుంది. నిజమే, పోవచ్చు. అమ్మకంలో 60, 70 శాతం ఒకే పార్టీ మీద ఉన్న యూనిట్‌కి చట్టం కాగితం మీదే ఉంటుంది. ఒక్క పార్టీ వాటా 30 శాతం దాటకుండా చూసుకున్నవాళ్లకే గట్టిగా అడిగే నోరు ఉంటుంది. ఇది వ్యాపార సలహాలా కనిపించినా, నా ఉద్దేశంలో దేశ విధానానికి సంబంధించిన మాటే: ఒకే ప్రభుత్వ సంస్థ చుట్టూ పెరిగిన పారిశ్రామికవాడల్లో ఆ ఒక్క సంస్థ బడ్జెట్ ఆగితే వాడంతా ఆగుతుంది.

గొడవ లేని దారి ట్రెడ్స్, అంటే రావాల్సిన బిల్లు మీద బ్యాంకుల నుంచి ముందే డబ్బు తెచ్చుకునే ఆన్‌లైన్ ఏర్పాటు. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ లాంటి వేదికల మీద బిల్లు పెడితే, కొనుగోలుదారు 'అవును, ఇది కట్టాల్సిందే' అని ఒప్పుకోగానే బ్యాంకులు డిస్కౌంట్ రేటు పాడతాయి. నచ్చిన రేటు ఒప్పుకుంటే డబ్బు సాధారణంగా మరుసటి పనిదినం మీ ఖాతాలో ఉంటుంది. వడ్డీ రేటు కట్టాల్సిన పెద్ద కంపెనీ పరపతిని బట్టి పడుతుంది కాబట్టి మీ సీసీ (బ్యాంకు క్యాష్ క్రెడిట్) కన్నా చవగ్గా రావచ్చు. ముఖ్యంగా, పార్టీ ఎగ్గొట్టినా బ్యాంకు మీ మీదకు రాదు. 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకే తప్పనిసరిగా ఉన్నదాన్ని 2024 నవంబర్‌లో 250 కోట్లకు దించారు, 2025 మార్చి 31 లోపు చేరాలన్నారు. లోపం ఒక్కటే: చేరడం తప్పనిసరి, బిల్లు ఒప్పుకోవడం కాదు. నమోదై కూర్చుని ఒక్క బిల్లూ ఆమోదించని కంపెనీని ఏమీ అనలేం. ఆర్డర్ తీసుకునేటప్పుడే 'బిల్లులు ట్రెడ్స్‌లో ఆమోదించాలి' అని పీవోలో రాయించుకోండి. సరుకు ఇచ్చాక అడిగితే వినరు.

ధర చెప్పేటప్పుడు క్రెడిట్ ఖరీదు కలపని కొటేషన్లే ఎక్కువ. 90 రోజుల అప్పు మీ బ్యాంకు లోను వడ్డీకి (10.5 శాతం) 2.6 శాతం, రెండు రూపాయల వడ్డీకి 6 శాతం. '30 రోజుల్లో చెల్లిస్తే ఇంత, 90 అయితే 3 శాతం అదనం' అని రెండు ధరలు రాయండి. కొనుగోలు విభాగం రెండో ధర చూసి బేరమాడుతుంది, ఆడనివ్వండి. కనీసం క్రెడిట్‌కి ధర ఉందని ఇద్దరికీ తెలుస్తుంది.

ఎదిగే యూనిట్లకు ఒక హెచ్చరిక. 2025 ఏప్రిల్ 1 నుంచి హద్దులు పెరిగాయి. సూక్ష్మం: పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు. చిన్నది: 25 కోట్లు, 100 కోట్లు. మధ్య తరహా: 125 కోట్లు, 500 కోట్లు. రెండింటిలో ఏది దాటినా పై తరగతే. పెట్టుబడి అంటే ప్లాంటు, యంత్రాల తరుగు పోను విలువ, భూమి, భవనం కలపరు. ఎగుమతుల టర్నోవర్ కూడా లెక్కలోకి రాదు. మధ్య తరహాలోకి వెళ్తే సెక్షన్ 15 రక్షణా, 43బీ(హెచ్) రక్షణా రెండూ పోతాయి, ఎందుకంటే అవి సూక్ష్మ, చిన్న వాటికే. కేంద్ర ప్రభుత్వ సంస్థల 25 శాతం కొనుగోలు కోటా కూడా ఆ రెండు తరగతులకే. పైకి వెళ్లాక పన్నేతర ప్రయోజనాలు మూడేళ్లు కొనసాగుతాయని 2022లో ఊరట ఇచ్చారు గానీ, ఆ మూడేళ్లూ అయ్యాక పెద్ద కంపెనీలతో సమానంగా నిలబడాలి. అందుకే కొందరు అన్న పేర ఒకటి, తమ్ముడి పేర ఒకటి యూనిట్లు పెడతారు. తప్పు పట్టలేం, కానీ అలా ముక్కలైన యూనిట్ పెద్ద మిషన్ కొనదు, పెద్ద ఆర్డర్ కోట్ చేయదు. మధ్యలో ఖాళీకి ఇదో కారణం.

43బీ(హెచ్) వచ్చాక కొన్ని పెద్ద పార్టీలు ఇంకో దారి పట్టాయి: 'ఉద్యమ్ రద్దు చేసుకోండి, లేకపోతే ఆర్డర్ మధ్య తరహా సప్లయర్‌కి ఇస్తాం' అంటున్నాయి. రద్దు చేసుకోకండి. దానితో పాటు ప్రాధాన్య రంగ రుణం, సీజీటీఎంఎస్‌ఈ కింద తనఖా లేని లోనుకి గ్యారంటీ (2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల దాకా), టెండర్లలో ఈఎండీ (ముందస్తు ధరావతు) మినహాయింపు, ట్రెడ్స్ అన్నీ పోతాయి. ఆ పార్టీతో ట్రెడ్స్ ద్వారా కుదుర్చుకోండి: డబ్బు మీకు ఫైనాన్షియర్ నుంచి వెంటనే వస్తుంది, మీకు 45 రోజుల గొడవ ఉండదు. దానికీ ఒప్పుకోని పార్టీకి మీ లెక్కలో 120 రోజుల వడ్డీ కలిపి ధర చెప్పండి. ఆ ధరకి ఆర్డర్ పోతే పోనివ్వండి, ఆ స్లాటులో వీఎంసీకి 45 రోజుల్లో డబ్బిచ్చే జాబ్‌వర్క్ వెతకడం మేలు.